జైల్లో మొదలైన వకాల్తా: దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితం మనకెందుకు

1930ల మొదట్లో వెల్లూరు, మదురై జైళ్లలో ఒక తెలుగు యువతి శిక్ష అనుభవించింది. ఉప్పు సత్యాగ్రహంలో పట్టుబడిన రాజకీయ ఖైదీ ఆమె. వయసు ఇరవై దాటి ఒకటి రెండేళ్లు. అదే గోడల మధ్య మరికొందరు ఆడవాళ్లున్నారు. వాళ్ల కోసం బయట నినాదాలిచ్చేవాళ్లు లేరు, పత్రికల్లో పేర్లు రాసేవాళ్లు లేరు. దొంగతనం, హత్య లాంటి కేసుల్లో వచ్చినవాళ్లు వాళ్లు. చాలామందికి చదువు లేదు. తమ మీద మోపిన నేరమేమిటో, కోర్టులో తాము దేనికి తలూపామో తెలియకుండానే శిక్ష పడినవాళ్లు వాళ్లలో ఉన్నారని ఆ యువతి గ్రహించింది. తనకు లాయరు చదువు మీద మనసు పడింది అక్కడేనని తర్వాత తన జ్ఞాపకాల్లో చెప్పుకుంది.

ఆమె దుర్గాబాయి. పెళ్లినాటి ఇంటిపేరుతో గుమ్మడితల దుర్గాబాయి, తర్వాత లోకానికి దుర్గాబాయి దేశ్‌ముఖ్. పాఠ్యపుస్తకాల్లో ఆమెది ఒక పేరా: స్వాతంత్ర్య సమరయోధురాలు, ఆంధ్ర మహిళా సభ స్థాపకురాలు, పద్మవిభూషణ్. ఆ పేరాలో జైల్లోని ఆడ ఖైదీలు కనిపించరు. కాకినాడ దేవదాసీలు కనిపించరు. ఆమె బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన మనిషి. దళిత ఉద్యమం ఆమెను తన మనిషిగా ఎప్పుడూ చెప్పుకోలేదు, చెప్పుకోవాలని మేం అడగడం లేదు. అయినా చట్టం చదువుతున్న మన పిల్లలు, ముఖ్యంగా ఇంట్లో మొదటి తరంగా లా కాలేజీ మెట్లెక్కుతున్న ఆడపిల్లలు ఈమె జీవితం ఒకసారి చదవాలని మా అభిప్రాయం. చట్టం ఉండటం వేరు, అది నోరులేని మనిషి చేతికి అందటం వేరు. ఈ తేడాను ఆమె జైల్లో చూశారు. జీవితమంతా ఆ దూరం తగ్గించే పనిలోనే ఉన్నారు. ఎంతవరకు తగ్గించగలిగారు, ఎక్కడ ఆగిపోయారు అన్నది మనం తేల్చుకోవాల్సిన లెక్క.

ఎనిమిదేళ్ల పెళ్లికూతురు

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. తండ్రి బెన్నూరి రామారావు, తల్లి కృష్ణవేణమ్మ. ఎనిమిదేళ్ల వయసులో మేనరికం సంబంధం చూసి పెళ్లి చేశారు. కొంచెం ఊహ తెలిసి, కాపురానికి పంపాల్సిన వయసు వచ్చేసరికి ఆ పెళ్లి తనకు వద్దని ఆమే చెప్పారు. భర్త సుబ్బారావును మరో పెళ్లి చేసుకోమన్నారు. తండ్రి, అన్నదమ్ములు ఆమె పక్షాన నిలబడ్డారు. ఆ రోజుల్లో ఆ కులంలో, ఆ ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.

పెళ్లి వద్దన్న మాటకు ముందే ఆమె మరో పని చేసి ఉన్నారు. 1921 మార్చి నెలాఖరున అఖిల భారత కాంగ్రెస్ కమిటీ బెజవాడలో సమావేశమైంది. అక్కడినుంచి గాంధీ ఏప్రిల్ మొదట్లో కాకినాడ వెళ్లారు. దుర్గాబాయికి అప్పటికి పన్నెండేళ్లు నిండలేదు. గాంధీ తమ ఊరొస్తున్నారని తెలిసి, ఆయన్ని దేవదాసీలతో, పరదా పాటించే ముస్లిం స్త్రీలతో కలపాలని ఆ పిల్ల పట్టుబట్టింది. పెద్ద సభలకు రాలేనివాళ్లు వాళ్లే. ఐదువేల రూపాయల నిధి తెస్తే ఐదు నిమిషాలు ఇస్తామని స్థానిక నాయకులు అన్నారు. తేలేదనే అనుకుని ఉంటారు. ఆ డబ్బు దేవదాసీలే పోగుచేశారు.

గాంధీ వచ్చారు. ఐదు నిమిషాలన్నది చాలాసేపు సాగింది. స్త్రీలు ఒంటిమీది నగలు తీసి ఇచ్చారు. అంతా కలిపి పాతికవేల రూపాయల దాకా అయిందని దుర్గాబాయి రాసుకున్నారు. ఆయన హిందీ ప్రసంగాన్ని తెలుగు చేసింది కూడా ఆమే. ఆ తర్వాత జరిగిన పెద్ద సభలో కొండా వెంకటప్పయ్య అనువదించాల్సి ఉండగా, గాంధీ ఈ పిల్లనే పిలిచారు.

ఈ కథను సాధారణంగా దుర్గాబాయి చురుకుదనానికి గుర్తుగా చెబుతారు. అది నిజమే. కానీ ఆ డబ్బు ఎవరిది? ఆ నగలు ఎవరివి? గుడికి అంకితమిచ్చిన పేరుతో ఊరి మగవాళ్లకు అందుబాటులో ఉంచిన స్త్రీలవి. జాతీయోద్యమం వాళ్ల విరాళాన్ని తీసుకుంది. వాళ్ల పేర్లు మాత్రం చరిత్రలోకి రాలేదు. దేవదాసీ తల్లికి పుట్టిన డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి మద్రాసు శాసనమండలిలో పోరాడితే, చాలా ఏళ్ల తర్వాత 1947లో మద్రాసు రాష్ట్రంలో అంకితాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. తర్వాత నాలుగు దశాబ్దాలకు, 1988లో, ఆంధ్రప్రదేశ్ మళ్లీ చట్టం చేయాల్సి వచ్చింది. ఈసారి తెలంగాణలో జోగినుల పేరుతో, చిత్తూరు వైపు మాతమ్మల పేరుతో నలిగిపోతున్నవాళ్లలో ఎక్కువమంది దళిత ఆడపిల్లలు. దురాచారం కింది మెట్టుకు దిగితే చట్టం కూడా అంత ఆలస్యంగా దిగుతుందని ఈ రెండు తేదీలు చెబుతున్నాయి.

ఒంటరి గది నుంచి పరీక్ష హాలుకు

1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగినప్పుడు పక్కనే ఖాదీ ప్రదర్శన పెట్టారు. ద్వారం దగ్గర కార్యకర్తగా నిలబడిన దుర్గాబాయి టికెట్ లేదని నెహ్రూను లోపలికి పోనివ్వలేదు. టికెట్ తెచ్చాకే పంపారు. ఆమె మీద రాసే ప్రతి వ్యాసంలోనూ ఈ ముచ్చట ఉంటుంది. మాకు మాత్రం అదే ఏడాది ఆమె చేసిన ఇంకో పని పెద్దదిగా కనిపిస్తుంది. బడి వదిలేసిన ఆ పిల్ల, ఆడవాళ్లకు హిందీ నేర్పే బడి పెట్టింది. తనకు తెలిసింది నలుగురికీ పంచాలనే ఆ అలవాటు చివరిదాకా ఆమెను వదల్లేదు.

1930లో మద్రాసులో ఉప్పు సత్యాగ్రహం నడుస్తుండగా ప్రకాశం పంతులు, కాశీనాథుని నాగేశ్వరరావు వంటి నాయకులు అరెస్టయ్యారు. ఆ దళాన్ని ఆపకుండా నడిపినవాళ్లలో దుర్గాబాయి ముందున్నారు. మే నెలలో ఆమెనూ పట్టుకున్నారు. 1930, 1933 మధ్య మూడుసార్లు జైలుకెళ్లారు. మదురైలో ఏడాదిపాటు ఒంటరి గదిలో పెట్టారు. ఆ ఒంటరితనం ఆమె ఆరోగ్యాన్ని దెబ్బతీసింది.

జైలు నుంచి బయటికొచ్చాక చాలామంది నాయకులు రాజకీయాల్లోనే ఉండిపోయారు. ఆమె చదువు వైపు తిరిగారు. ఆగిపోయిన బడి చదువును ఇరవైల్లో మళ్లీ మొదలుపెట్టి, బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్ష రాశారు. ఇంటర్ అయ్యాక వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో బి.ఏ. ఆనర్స్‌కు దరఖాస్తు పెట్టారు. ఆడవాళ్లకు హాస్టల్ లేదు కాబట్టి సీటు కష్టమన్నారు. ఆమె పత్రికలో ప్రకటన ఇచ్చారు: హాస్టల్ లేక చదువు ఆగిన ఆడపిల్లలు తనకు రాయాలని. కొందరు రాశారు. అందరూ కలిసి ఒక వసతి ఏర్పాటు చేసుకుని, వైస్ చాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి ముందు నిలబడ్డారు. సీటు వచ్చింది.

సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో చదువుకున్న మనవాళ్లకు ఈ కథ వివరించనక్కర్లేదు. హాస్టల్ అంటే మూడు పూటల తిండి, తలదాచుకునే చోటు అని బయటివాళ్లు అనుకుంటారు. చదువుకునే హక్కు కాగితం మీద నుంచి మనిషి చేతికి వచ్చే దారి అదేనని మనకు తెలుసు. మైలవరం నుంచో, నూజివీడు నుంచో, తిరువూరు నుంచో విజయవాడలో చదువుకోవడానికి వచ్చే ఆడపిల్లకు ఇవాళ్టికీ మొదటి ప్రశ్న ఫీజు కంటే ముందు హాస్టల్ సీటే. దుర్గాబాయి గెలిచింది తన సీటొక్కటే కాదు. అయితే అప్పటికి ఆ ప్రకటన చదవగలిగిన ఇళ్లెన్ని, ఉత్తరం రాయగలిగిన పిల్లలెవరు అన్న ప్రశ్న కూడా మనం వేసుకోవాలి. డెల్టా మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో అప్పటికి ఆడపిల్లకు అక్షరం దొరికిన చోటు ఎక్కువగా మిషన్ బడే. ఆ బడి వాళ్లను ఉపాధ్యాయినులుగా, నర్సులుగా తయారుచేసింది. కోర్టు మెట్లదాకా తీసుకెళ్లే దారి మాత్రం అక్కడ లేదు.

నల్లకోటు ఎవరిది

1942లో దుర్గాబాయి మద్రాసు బార్‌లో చేరారు. ఆ నల్లకోటు ఆడవాళ్లకు దొరికి అప్పటికి పందొమ్మిదేళ్లే అయింది.

అంతకు ముందు కథ పెద్ద పోరాటం. క్రైస్తవం పుచ్చుకున్న పార్సీ తండ్రికి పుట్టిన కొర్నేలియా సొరాబ్జీ 1892లో ఆక్స్‌ఫర్డ్‌లో న్యాయశాస్త్ర పరీక్ష పాసయ్యారు. ఆడవాళ్లకు పట్టాలివ్వని విశ్వవిద్యాలయం అది. ఆమె చేతికి పట్టా రావడానికి ముప్పై ఏళ్లు పట్టింది. దేశానికి తిరిగొచ్చి ఇక్కడి పరీక్షలూ రాశారు. కోర్టు లోపలికి రానివ్వలేదు. దాంతో కోర్ట్ ఆఫ్ వార్డ్స్ కింద ఉద్యోగం సంపాదించి, జమీందారీ ఇళ్లలో పరదా చాటున ఆస్తులు పోగొట్టుకుంటున్న స్త్రీలకు సలహాదారుగా రెండు దశాబ్దాలు తిరిగారు. 1916లో రెజీనా గుహ అనే మరో మహిళ కలకత్తా హైకోర్టులో దరఖాస్తు పెడితే, చట్టంలో ఉన్న మాటలు మగవాళ్లకే వర్తిస్తాయని న్యాయమూర్తులు తోసిపుచ్చారు. చివరకు 1923లో మహిళా న్యాయవాదుల చట్టం వచ్చాక తలుపు తెరుచుకుంది. తిరువాన్కూరులో సిరియన్ క్రైస్తవ కుటుంబం నుంచి వచ్చిన అన్నా చాందీ 1937లో మున్సిఫ్ అయ్యారు, తర్వాత కేరళ హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు.

చట్టం రాసిన మనిషి మనసులో ఎవరున్నారన్నదే ఇక్కడ అసలు సంగతి. వకీలు అన్న మాటలో ఆడమనిషి ఉందా అని ముప్పై ఏళ్లు వాదించాల్సి వచ్చింది. ఊరి బావి, ఊరి బడి, ఊరి రోడ్డు అన్న మాటల్లో అంటరానివాళ్లున్నారా అని ఇంకా ఎక్కువ కాలం వాదించాల్సి వచ్చింది. 1927లో మహాడ్ చెరువు దగ్గర అంబేడ్కర్ చేసింది ఆ వాదనే. ఈ రెండు పోరాటాలూ ఒకే కాలంలో నడిచాయి, కానీ ఒకదాన్నొకటి పెద్దగా పలకరించుకోలేదు. కోర్టు తలుపు తెరిపించిన ఆడవాళ్లు ఎక్కువగా పై కులాలవాళ్లు, పెద్ద కుటుంబాల క్రైస్తవులు. దుర్గాబాయి కూడా ఆ వరసలోనే వస్తారు. ఆమెకున్న తేడా ఒకటే: కోర్టు కంటే ముందు జైలు చూసి వచ్చారు. మద్రాసులో ఆమె క్రిమినల్ కేసులు చేపట్టారు. ఆ రోజుల్లో ఆడ లాయర్లు అడుగుపెట్టడానికి వెనకాడే పని అది.

ఈ మధ్యలోనే, 1937లో, మద్రాసులో ఆంధ్ర మహిళా సభ మొదలైంది. పెళ్లయి చదువు మానేసినవాళ్లు, భర్తలు వదిలేసినవాళ్లు, వితంతువులు అక్కడ కూర్చుని తక్కువ కాలంలో మెట్రిక్‌కు తయారయ్యేవాళ్లు. తాను నడిచిన దారినే ఆమె ఒక పద్ధతిగా మార్చారు. తర్వాత దేశమంతా పెద్ద వయసు స్త్రీలకు సంక్షిప్త కోర్సులుగా వచ్చినవాటికి మూలం ఇదే.

సభలో ఇద్దరు

1946లో మద్రాసు నుంచి దుర్గాబాయి రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. ఆ సభలో స్త్రీలు పదిహేను మంది. సభాధ్యక్షుల ప్యానెల్లో ఉన్న ఒకే ఒక మహిళ ఆమె. రాజ్యసభకు పోటీచేసే వయసును 35 నుంచి 30కి తగ్గించాలన్న సవరణ ఆమెది, అది నెగ్గింది. న్యాయవ్యవస్థ స్వతంత్రంగా ఉండాలని వాదించారు. సంస్కృతం నింపిన హిందీ బదులు, జనం మాట్లాడే హిందుస్తానీ కావాలన్నారు. కూతురికి ఆస్తిలో వాటా ఇచ్చే హిందూ కోడ్ బిల్లును సమర్థించారు. ఆ బిల్లును భుజాన మోసిన న్యాయమంత్రి అంబేడ్కర్ దాన్ని అడ్డుకోవడం చూసి 1951లో రాజీనామా చేశారని మనకు తెలుసు.

అదే మద్రాసు నుంచి అదే సభకు మరో స్త్రీ వచ్చారు. దాక్షాయణి వేలాయుధన్. కొచ్చిన్‌లో పులయ కులంలో పుట్టిన ఆమె ఆ పదిహేను మందిలో ఏకైక దళిత మహిళ. దుర్గాబాయికి మూడేళ్లు చిన్న. ఒకరు బాల్యవివాహాన్ని దాటి వచ్చారు, మరొకరు అంటరానితనాన్ని దాటి వచ్చారు. స్త్రీలు అన్న ఒక్క మాట ఇద్దరికీ సరిపోదు. స్త్రీ విముక్తి చరిత్ర దుర్గాబాయిని గుర్తుపెట్టుకున్నంతగా దాక్షాయణిని గుర్తుపెట్టుకోలేదు. ఢిల్లీ మెట్రోలో ఒక స్టేషన్‌కు దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరుంది. దాక్షాయణి పేరు మన విద్యార్థుల్లో చాలామంది మొదటిసారి వినేది ఇలాంటి వ్యాసాల్లోనే.

సభ ముగిశాక ఇంకో సంగతి జరిగింది. 1950 ఆగస్టులో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులం హోదాను హిందువులకే పరిమితం చేసింది. తర్వాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన డెల్టాలో ఆదివారం చర్చికెళ్లే మాల, మాదిగ కుటుంబాలు ఎన్నో మనకు తెలుసు. అదే పల్లె, అదే కులం పేరు, అదే అవమానం. చట్టం ముందు మాత్రం వేరే మనిషి. ఆస్తి, విడాకుల విషయాల్లో దుర్గాబాయి తరం సాధించిన హిందూ కోడ్ వాళ్లకు వర్తించదు. ఎవరి కోసం చట్టం రాస్తున్నామో ఆ గదిలో లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు.

సంక్షేమం ఆగిన చోటు

1952లో ఆమె ప్రణాళికా సంఘం సభ్యురాలయ్యారు. 1953 జనవరిలో అప్పటి ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్‌ను పెళ్లి చేసుకున్నారు. అదే ఏడాది కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడితే దాని మొదటి అధ్యక్షురాలు ఆమే. 1958లో వేసిన జాతీయ స్త్రీ విద్యా కమిటీ ఆమె పేరుతోనే గుర్తుంది. చైనా పర్యటనలో కుటుంబ న్యాయస్థానాలు చూసి వచ్చి, మన దేశంలోనూ అలాంటివి కావాలని న్యాయమూర్తులతో, నెహ్రూతో మాట్లాడారు. ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984లో వచ్చింది. అప్పటికి ఆమె లేరు. 1975లో పద్మవిభూషణ్ అందుకున్న ఆమె 1981 మే 9న కన్నుమూశారు.

ఈ పనులు చిన్నవి కావు. అయితే వాటన్నిటిలోనూ స్త్రీ అంటే ఒకే మనిషి. నిస్సహాయురాలు, చదువు లేనిది, ఆదుకోవాల్సినది. ఆమెకు కులం ఉంటుందని, ఆ కులం వల్లే స్టేషన్‌లో ఆమె ఫిర్యాదు తీసుకోరని ఆ సంక్షేమ ఆలోచనలో పెద్దగా కనిపించదు. కుట్టుమిషను, క్రెష్, సంక్షిప్త కోర్సు ఇవన్నీ అవసరమే. కానీ భూమి లేని కూలి తల్లికి అన్యాయం జరిగితే ఆమె తరఫున నిలబడే లాయరును అవి ఇవ్వలేవు. మదురై జైల్లో మొదలైన ప్రశ్న ఢిల్లీ కమిటీలకు వెళ్లేసరికి మెత్తబడిందని మేం అనుకుంటున్నాం.

ఆ ప్రశ్నను తర్వాతి తరం మళ్లీ పట్టుకుంది. 1976లో 39ఏ అధికరణం ఉచిత న్యాయ సహాయాన్ని రాజ్యాంగంలో చేర్చింది. 1987 న్యాయ సేవల ప్రాధికార చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, స్త్రీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ప్రభుత్వ ఖర్చుతో లాయరు దొరకాలి. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపినప్పుడు, బాధితులు పట్టుబట్టి ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. కోర్టే పల్లె దగ్గరికి వచ్చింది. 2007లో శిక్షలు పడ్డాయి. 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది. దారి ఎంత దూరమో చుండూరు తల్లులకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

జైలు సంగతీ అంతే. జైళ్లలో పారిశుధ్య పనిని కింది కులాలకు, వంటను పై కులాలకు కేటాయించే నిబంధనలు చెల్లవని సుప్రీంకోర్టు 2024 అక్టోబర్ 3న తీర్పు చెప్పింది. అంటే దుర్గాబాయి జైలు నుంచి బయటికొచ్చి తొంభై ఏళ్లు గడిచాక కూడా జైలు నియమావళిలో కులం అక్షరాలా రాసి ఉంది.

లా చదువుతున్న మన పిల్లలకు మేం చెప్పదలుచుకున్నది ఇది. దుర్గాబాయి ఫొటోకు దండ వేయడం కంటే ఆమె మొదట చేసిన పని చేయండి. ఆ పని వినడం. మీ మండల న్యాయ సేవల కమిటీ ఎక్కడుందో కనుక్కోండి. మీ పల్లెలో ఎవరి మీద ఏ కేసుందో, ఏ సెక్షన్ పెట్టారో, వాళ్లకు లాయరు ఉన్నాడో లేడో ఒక నోట్‌బుక్‌లో రాయండి. 12వ సెక్షన్ కింద దరఖాస్తు ఎలా పెట్టాలో వాళ్లకు తెలుగులో చెప్పండి. విజయవాడ కోర్టుకు వాయిదా కోసం బస్సెక్కే ప్రతి అమ్మకు తన కేసు ఏమిటో అర్థమయ్యేలా చెప్పగల మనిషి పక్కన ఉండాలి. ఆ మనిషి ఆమె వాడ నుంచే రావాలి.